శాంతియు నేర్వవలసిన విద్యయే
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



ఒక పల్లెలో ఒక గ్రంథాలయము ఇరువదియైదేండ్లపాటు తలుపు మూయక నిలిచినదనిన అది సామాన్యమైన సంగతి కాదు. పుస్తకములు కొనుట సులభము. వానిని చదువువారిని నిలుపుకొనుట కష్టము. ఆ కష్టమును నిర్వహించిన మీకందరకును నా అభినందనములు.

ఏ విషయమును గూర్చి మాటలాడవలెనని నేను కార్యదర్శిగారి నడిగితిని. “మా చందాదారులలో సైన్యమునకును పోలీసు ఉద్యోగములకును పోగోరు యువకులు పెక్కుమంది కలరు. వారికి పనికివచ్చు మాట ఏదైనను చెప్పుడు” అని వారనిరి. నిన్న సాయంకాలము పఠనమందిరమున కూర్చుండియుండగా ఆ యువకులలో నొకడు దినపత్రికలోని యొక చిత్రమును నాకు చూపెను. నీలిరంగు శిరస్త్రాణములు ధరించిన సైనికులు ఏదో యొక ఆఫ్రికా దేశమున మట్టిబాటమీద నిలుచుండియున్నారు. “అయ్యా! వీరును సైనికులే గదా. యుద్ధము చేయ నేర్చినవారికి యుద్ధము చేయకుండుట వేరుగా నేర్పవలెనా? దానికొక బడియా?” అని అతడు నవ్వుచు నడిగెను. ఆ ప్రశ్నకు నేను నిన్న చాలినంత సమాధానము చెప్పలేకపోతిని. నేడు చెప్ప ప్రయత్నించెదను.

మొదట ఈ శాంతిదళములనగా నేమో చూతము. ఐక్యరాజ్యసమితి స్థాపింపబడిన మూడేండ్లకు, 1948లో, పాలస్తీనాలో కాల్పుల విరమణ అమలగుచున్నదో లేదో చూచుటకు కొందరు సైనికాధికారులను పంపిరి. వారిచేత ఆయుధములు లేవు. చూచుటయు వ్రాసి పంపుటయు వారి పని. మరుసటి యేడు, 1949లో, కాశ్మీరమునందును అట్టి పరిశీలకులు వచ్చిరి. 1956లో సూయెజ్ కాలువ విషయమై యుద్ధము రేగినపుడు, పోరాడు పక్షముల నడుమ నిలుచుటకు మొదటిసారిగా ఆయుధములుగల దళము నొకదానిని ఐక్యరాజ్యసమితి పంపెను. ఆ దళమువారిని దూరమునుండి గుర్తించుట కష్టమగునని వారి శిరస్త్రాణములకు నీలిరంగు పూసిరి. నేడు మనము పత్రికలలో చూచు ఆ నీలిరంగు నాటిదే. ఈ యోజనకు పాటుపడిన కెనడా దేశపు మంత్రి లెస్టర్ పియర్సన్‌గారికి 1957లో నోబెల్ శాంతి బహుమానము లభించినది. 1988లో శాంతిదళములకే ఆ బహుమానము నిచ్చిరి.

ఈ దళములకు మూడు నియమములు ఆధారములు. మొదటిది, ఆ దేశమునందలి పక్షముల అంగీకారము. రెండవది, నిష్పక్షపాతము. మూడవది, ఆత్మరక్షణకును అప్పగించిన పనిని కాపాడుకొనుటకును తప్ప బలమును ప్రయోగింపకుండుట. ఈ మూడును చెప్పుటకు చిన్న మాటలే. ఆచరణలో నెంత కష్టమో మీకు నేను చెప్పనక్కరలేదు. వేసవిలో కాలువనీటి వంతు విషయమై రెండు వీధులవారు కర్రలెత్తి నిలిచినపుడు నడుమ నిలిచిన పెద్దమనిషి స్థితి మీ రెరుగుదురు. అతడొక పక్షమువైపు రెండుమార్లు తిరిగి చూచినను రెండవ పక్షమువారు అతనిని శత్రువని యెంచెదరు. అతడు చేయి చేసుకొన్నచో అంతటితో అతని మధ్యవర్తిత్వము ముగిసినది. అతడు భయపడి ఇంటికి పోయినచో తలలు పగులును. అట్టి పెద్దమనిషికైనను ఊరివా రందరు తెలిసినవారు, భాష తనది, కాలువ తనది. అదే పనిని తన భాష తెలియని దేశములో, తన ముఖమెరుగని జనుల నడుమ, ఇరువది రెండేండ్ల సిపాయి చేయవలసివచ్చినచో నేమి?

సైనికునికి బారకులలో నేర్పున దేమి? శత్రువును గుర్తించుట, వేగముగ నిర్ణయించుట, తన బలమును కేంద్రీకరించి కొట్టుట. శాంతిదళములో చేరినపుడు అతనికి శత్రువే లేడు. వేగముగ తుపాకి యెత్తుట యిచ్చట దోషమగును. దాగియుండుటకు మారుగ, అందరికి కనబడునట్లు తెల్లని బండిలో, జెండాతో, పగటివెలుగున తిరుగవలెను. ఏండ్లతరబడి చేతులకును కన్నులకును అలవడినదానిని అణచి క్రొత్త అలవాటు నేర్చుకొనుట సులభము కాదు. దానికి బడి కావలయును.

మన దేశపు సైనికు లీ విద్యను బడిలో నేర్వలేదు. పనిలో పడి నేర్చిరి. అందు మొదటి పాఠశాల కొరియా. 1953లో అక్కడ యుద్ధము నిలిచినపుడు స్వదేశమునకు తిరిగిపోమని మొండికెత్తిన ఖైదీలు 22,000కు పైగా మిగిలిరి. వారిలో చీనావారును కొరియావారును కలరు. వారి విషయము తేల్చుటకు ఐదు తటస్థదేశముల సంఘ మేర్పడెను. దాని కధ్యక్షులు మన జనరల్ తిమ్మయ్యగారు. ఖైదీలను కాపాడు భారమును మేజర్ జనరల్ థొరాట్‌గారి నాయకత్వమున భారత సైనికులు వహించిరి. అది ఐక్యరాజ్యసమితి దళము కాదు. యుద్ధవిరమణ ఒడంబడికను బట్టి పోయిన దళము. దక్షిణ కొరియా ప్రభుత్వము తన నేలపై భారత సైనికులు కాలుపెట్ట రాదనెను. అందుచేత వారిని ఓడలనుండి హెలికాప్టరులలో నేరుగ సైన్యరహిత ప్రాంతమునకు చేర్చవలసివచ్చెను.

ఆ శిబిరములలో ఖైదీలు ఒకనాడు మన అధికారి నొకనిని పట్టుకొని నిర్బంధించిరి. కాల్పులు జరిపినచో ఆ యధికారి ప్రాణముతో వచ్చునో రాడో తెలియదు. వందలకొలది ఖైదీలు మరణింతురనుటలో సందేహము లేదు. థొరాట్‌గారు తామే శిబిరములోనికి పోయి, కోపముతో చుట్టుముట్టిన ఖైదీలతో మాటలాడి, రక్తపాతము లేకుండ ఆ యధికారిని వెలుపలికి తెచ్చిరి. ఆనాడు తుపాకులకు కొరత లేదు. తుపాకి నాపి పెట్టి మాటను ముందుకు తెచ్చిన నిబ్బరమే కార్యము సాధించినది. అట్టి నిబ్బరము థొరాట్‌గారికి అనుభవమువలన వచ్చినది. అందరు సేనానులును, అందరు సిపాయిలును అట్టివారై పుట్టుదురని దేశములు నమ్ముకొనరాదు. పదిమందికి సహజముగ నుండు గుణమును పదివేలమందికి అలవరచుటయే గదా శిక్షణమనగా!

ఈ సంగతిని బాగుగ గ్రహించినవారిలో మన దేశీయులైన మేజర్ జనరల్ ఇందర్‌జిత్ రిఖీగారు ముఖ్యులు. వీరు గాజా ప్రాంతపు శాంతిదళములో పనిచేసిరి. కాంగో సంక్షోభకాలమున ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శికి సైనిక సలహాదారుగ నుండిరి. తరువాత గాజా దళమునకే సేనానాయకులైరి. 1967 మే నెలలో ఈజిప్టు ప్రభుత్వము తన అంగీకారమును ఉపసంహరించుకొనెను. దళము వెనుకకు పోవలసివచ్చినది. అది పూర్తిగ కదలకముందే జూను 5న యుద్ధము రేగి, మన సైనికులు కొందరు ఆ పోరులో చిక్కి మరణించిరి. అంగీకారమను నియమమునకు ఎంత విలువ కలదో రిఖీగారు కన్నులార చూచిరి. 1970లో న్యూయార్కు నగరమున అంతర్జాతీయ శాంతి అకాడమీ యేర్పడినపుడు దానికి వారే మొదటి అధ్యక్షులు. సైనికులను, రాయబారులను, పండితులను ఒక్క గదిలో కూర్చుండబెట్టి శాంతిరక్షణమును పాఠముగ చర్చించుట ఆ సంస్థ మొదలుపెట్టిన మంచి పద్ధతి. ఆ సంస్థ శాంతిరక్షకుల కుపయోగించు కరదీపిక నొకదానినిగూడ ప్రకటించెను.

ఉత్తర ఐరోపాలోని చిన్న దేశములు ఇంకను ముందే మేల్కొన్నవి. 1960ల నడుమనుండి స్వీడను, నార్వే, డెన్మార్కు, ఫిన్లాండు దేశములు ఈ పనికై దళములను సిద్ధముగ నుంచుటయే గాక శిక్షణమునుగూడ పంచుకొన్నవి. కార్యాలయ అధికారుల శిక్షణ స్వీడనులో, పరిశీలకుల శిక్షణ ఫిన్లాండులో, సైనిక పోలీసుల శిక్షణ డెన్మార్కులో, సరకుల రవాణా శిక్షణ నార్వేలో జరుగునట్లు ఏర్పరచుకొనిరి. నాలుగిండ్లవారు నాలుగు పనిముట్లు కొనుక్కొని కలిసి వాడుకొన్నట్లు!

ఇక ఆ బడులలో నేర్పున దేమో చెప్పెదను. పేర్లు వేరైనను పాఠములు చాలవరకు అన్ని దేశములందును ఒకటే.

మొదటి పాఠము, చూచుట. పరిశీలకుడుగ పోవు అధికారికి నివేదిక వ్రాయుట నేర్పుదురు. తాను కన్నులతో చూచినదానిని ఒకచోట, ఇతరులు చెప్పగా విన్నదానిని మరియొకచోట, తాను ఊహించుకొన్నదానిని వేరొకచోట వ్రాయవలెను. ఈ మూడును కలిపి వ్రాసినచో ఒక గ్రామమున పొగ లేచుటను చూచినవాడు, ఎవరో చెప్పిన పేరు చేర్చి, తన అనుమానము జోడించి, “ఫలానావారు గ్రామమును తగులబెట్టిరి” అని వ్రాయును. ఆ వాక్యము మూడునాళ్లలో భద్రతామండలికి చేరవచ్చును. తప్పైనచో దానిని తిరిగి వెనుకకు తీసికొనుట కష్టము.

రెండవది, దుబాసీతో పనిచేయుట. మాటలాడునపుడు దుబాసీవైపుగాక ఎదుటి మనిషివైపు చూడవలెను. చిన్న వాక్యములు పలుకవలెను. హాస్యోక్తులు ఇంకొక భాషలో అవమానములు కావచ్చును గనుక జాగ్రత్తపడవలెను. అన్నిటికంటె ముఖ్యముగ, దుబాసీ ఆ యూరివాడే యగును; దళము వెళ్లిపోయిన తరువాతగూడ అతడు అక్కడనే బ్రదుకవలెను. అతనికి కీడు కలిగించు మాట నతనిచేత పలికింపరాదు.

మూడవది, తనిఖీ స్థానమున ఆగిపోయిన బండిలో కూర్చుండుట. శిక్షణమున ఇది నాటకమువలె జరుగును. త్రాగియున్న సాయుధుడు ఒకడు కిటికీలో తుపాకి దూర్చి గడియారము నిమ్మనును. మరియొకడు దుబాసీని దింపుమనును. చేతులు కనబడునట్లుంచుట, గొంతు హెచ్చింపకుండుట, ఎదుటివారిలో నాయకుడెవ్వడో గుర్తించి అతనితోనే మాటలాడుట, అతనికి పరువు పోకుండ వెనుకకు తగ్గు దారి చూపుట - వీనిని మరల మరల చేయింతురు. నాటకమే యని తెలిసియు అచ్చట కొందరికి చెమటలు పట్టును. నిజముగ జరుగునాడు ఆ చెమటయే కాపాడును.

నాలుగవది, మందుపాతరలున్న నేలపై నడచుట. అనుమానము కలిగినంతనే నిలువవలెను, ఎవ్వరును కదలరాదు, తోటివారిని హెచ్చరింపవలెను, సహాయమునకు కబురు పంపవలెను. గాయపడినవానిని చూచి పరుగెత్తుట సహజమైన మంచి గుణము. ఆ మంచి గుణమే రెండవ ప్రాణమును తీయును.

ఐదవది, బలప్రయోగ నియమములు. ఎప్పుడు హెచ్చరింపవలెను, ఎప్పుడు ఆకాశమువైపు కాల్పవలెను, ఎప్పుడు మనిషిపై కాల్పవచ్చును అను మెట్లను చదివింతురు. ఇందులో నేడు చేరిన పాఠ మొకటి కలదు. తుపాకి పట్టి దారికడ్డము నిలిచినది పన్నెండేండ్ల పిల్లవాడైనచో సైనికుడేమి చేయవలెను? కెనడా సేనాని రోమియో డలేర్‌గారు రువాండాలో చూచిన ఘోరముల తరువాత, బాలసైనికుల నెదుర్కొను పద్ధతిని దళములకు నేర్పుటకే ఒక సంస్థను స్థాపించిరి.

ఇంతవరకు సైనికులను గూర్చి చెప్పితిని. శాంతి సైనికులతో మాత్రమే నిలువదు. ఉదాహరణమునకు దక్షిణ ఆఫ్రికా పాలనలో నుండిన నమీబియాను చూడుడు. 1989 ఏప్రిల్‌లో ఐక్యరాజ్యసమితి అక్కడ స్వాతంత్ర్యమునకు దారి తీయు ఎన్నికల పర్యవేక్షణ మారంభించెను. సేనానాయకులు మన దీవాన్ ప్రేమ్‌చంద్‌గారు. మొత్తము కార్యమునకు అధిపతి ఫిన్లాండు రాయబారి మార్టి ఆహ్‌తిసారిగారు. ఆ దేశమునకు సైనికులు మాత్రమే కాక, స్థానిక పోలీసుల నడవడిని కనిపెట్టుటకు వివిధదేశముల పోలీసులును, ఊరూర కార్యాలయములు పెట్టి జనులకు ఓటనగా నేమో చెప్పుటకు పౌర ఉద్యోగులును పోయిరి. ఓటు రహస్యముగ నుండునా, వేసినందుకు యజమాని శిక్షించునా అని భయపడు కూలివానికి ధైర్యము చెప్పుట తుపాకితో జరుగు పని కాదు. ఆ నవంబరులో ఓటర్లలో నూటికి 97 మంది ఓటువేసిరి. 1990 మార్చి 21న ఆ దేశము స్వతంత్రమైనది.

అట్టి పౌర ఉద్యోగులలో న్యాయవాదులు, ఉపాధ్యాయులు, వైద్యులు, లెక్కలు చూచువారు, ఇంజనీర్లు ఉందురు. వారు తమ తమ పనులలో నేర్పరులే. కాని నీరును విద్యుత్తును లేని చోట, కర్ఫ్యూ నడుమ, సైనికులతో కలిసి పనిచేయుట వారికి కొత్త. అందుచేత వారికిని బడు లేర్పడినవి. ఆస్ట్రియా దేశమున ష్టాడ్ట్‌ష్లైనింగ్ అను చిన్న ఊరిలో ఒక ప్రాచీనమైన కోట కలదు. 1993నుండి ఆ కోటలో పౌరులకు శాంతికార్యముల శిక్షణ ఆరంభమైనది. పూర్వము శత్రువును వెలుపల నుంచుటకై కట్టిన గోడల నడుమ ఎన్నెన్నో దేశములవారు కలిసి కూర్చుండి మానవహక్కులు, ఎన్నికల పరిశీలన, మధ్యవర్తిత్వము నేర్చుకొనుట నాకెంతో బాగుగ తోచును. ఆఫ్రికాలో ఘానా రాజధాని అక్రానగరమున కోఫీ అన్నన్‌గారి పేర నొక శిక్షణకేంద్రము కలదు. సైనికుడు, పోలీసు, పౌరుడు ముగ్గురును అక్కడ కలిసి చదువుకొందురు. ఒకరి భాష మరియొకరికి తెలియవలెననుటయే దాని ఉద్దేశము. “ఈ ప్రాంతము క్షేమము” అని సైనికుడన్నచో కాల్పులు లేవని యర్థము. వైద్యుడన్నచో నీరు మంచిదని యర్థము. ముందుగ కలిసి చదువనివారు ఈ తేడాను ఆపద మీద పడిన తరువాత గాని తెలిసికొనరు.

ఆయుధము లేకుండ నడుమ నిలుచు దారియు కలదు. తెలంగాణములోని పోచంపల్లిలో 1951లో భూదానము నారంభించిన వినోబాగారు, 1957లో శాంతిసేన నేర్పరచిరి. గాంధీమహాత్ముని తలంపే దానికి మూలము. అల్లరులు చెలరేగిన వీథులలో నిలుచుటకు వాలంటీర్లను తయారుచేయుట దాని పని. 2002లో ఢిల్లీ సమీపమున సూరజ్‌కుండ్‌లో అనేక దేశములవారు సమావేశమై అహింసాత్మక శాంతిదళ మొకదానిని స్థాపించిరి. ఆ దళమువారు 2003లో శ్రీలంకలో పని మొదలుపెట్టిరి. తరువాత దక్షిణ సూడాను మొదలగు దేశములందును ఆయుధము పట్టక పౌరులకు తోడుగ నిలిచిరి. వారికి తుపాకి అండ లేదు గనుక శిక్షణయే కవచము.

స్త్రీల విషయముగూడ ఇచ్చట చెప్పవలసియున్నది. యుద్ధమున ఎక్కువ బాధపడునది స్త్రీలు. వారి బాధను విను అధికారులు చాలకాలము పురుషులే. 2000లో భద్రతామండలి తన 1325వ తీర్మానమున శాంతికార్యములందు స్త్రీలకు స్థానము కల్పింపవలెనని చెప్పెను. 2007 జనవరిలో మన దేశమునుండి నూరుమందికి పైగా స్త్రీలు గల పోలీసుదళము లైబీరియా చేరెను. పూర్తిగ స్త్రీలతో కూడిన దళమును ఐక్యరాజ్యసమితి పనికి పంపుట ప్రపంచమున అదియే మొదలు. వా రచ్చట రాత్రిపూట గస్తీ తిరిగిరి. బాలికలకు ఆత్మరక్షణ నేర్పిరి. 2016వరకు వరుసగ దళములు మారుచు పనిచేసిరి. వారిని చూచి లైబీరియా స్త్రీలు తమ దేశపు పోలీసులో చేరుటకు ముందుకు వచ్చిరి. దక్షిణ సూడానులో పనిచేసిన మేజర్ సుమన్ గవానీగారికిని, కాంగోలో పనిచేసిన మేజర్ రాధికా సేన్‌గారికిని ఐక్యరాజ్యసమితి ఇచ్చిన గౌరవములు మీరు పత్రికలలో చదివియుందురు.

సోదరులారా! ఇంతవరకు మంచినే చెప్పి ఊరకొన్నచో నేను మీకు అన్యాయము చేసినవాడ నగుదును. ఈ విద్యలో లోపము కలిగినపుడు చెల్లింపవలసిన మూల్య మెట్టిదో కూడ చెప్పవలెను.

2010లో హైటీ దేశమున భూకంపము వచ్చి లక్షలమంది నిరాశ్రయులైరి. ఆ యక్టోబరులో, తరతరములుగ కలరా యెరుగని ఆ దేశమున కలరా పుట్టెను. శాంతిదళపు శిబిరమునుండి మురుగు నదిలో కలియుటయే దానికి మూలమని శాస్త్రజ్ఞుల పరిశోధన తేల్చినది. తొమ్మిదివేలకు పైగా జనులు మరణించిరి. సహాయము చేయవచ్చినవారి మరుగుదొడ్డి ఒక దేశమును చంపెను! ఐక్యరాజ్యసమితి చాలకాలము బాధ్యత నంగీకరింపలేదు. 2016లో గాని ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్‌గారు హైటీ ప్రజలను క్షమాపణ కోరలేదు. శిబిరమునందలి మురుగుకాలువగూడ శాంతిపాఠములో నొక భాగమని ఆ దుఃఖము నేర్పినది.

ఇంకొకటి కలదు; చెప్పుటకు సిగ్గగును. కొన్ని దేశములలో శాంతిదళములవారే, పౌర ఉద్యోగులే, ఆకలిగొన్న స్త్రీలను బాలికలను చెరచిరి. రక్షింపవచ్చినవాడు భక్షించినచో ఆ ప్రజ లింకెవరిని నమ్ముదురు? 2003లో ఐక్యరాజ్యసమితి దీనిని ఖండితముగ నిషేధించెను. 2016లో భద్రతామండలి, అట్టి నేరములు విస్తారముగ జరిగిన దళమును పూర్తిగ వెనుకకు పంపవచ్చునని తీర్మానించెను. పాఠము నేడు ప్రతి సైనికునికిని చెప్పుచున్నారు. పాఠము చెప్పినంతమాత్రమున చాలదు. తప్పు చేసినవానిని శిక్షించు అధికారము అతని స్వదేశమునకే కలదు గనుక ఆ దేశము శిక్షింపవలెను. శిక్షలేని శిక్షణ గోడమీది వ్రాతయే.

శిక్షణకు హద్దులును కలవు. 1994లో రువాండాలో హత్యాకాండ చెలరేగినపుడు డలేర్‌గారి దళమున సుమారు 2,500 మంది యుండిరి. ఆపద పెరిగినకొలది దళమును పెంచుటకు మారుగ భద్రతామండలి దానిని 270 మందికి తగ్గింప నిర్ణయించెను. సుమారు నూరుదినములలో ఎనిమిది లక్షలమంది హతులైరని లెక్క. మరుసటి యేడు జులైలో బోస్నియాలోని స్రెబ్రెనిత్సలో, ఐక్యరాజ్యసమితి రక్షితప్రాంతమని ప్రకటించిన ఊరిలోనే, ఎనిమిదివేలమంది పురుషులను బాలురను చంపిరి. ఎంత నేర్చిన సైనికుడైనను, చాలినంత బలము నీయక, స్పష్టమైన ఆజ్ఞ నీయక పంపినచో నేమి చేయగలడు? 2000లో లఖ్దర్ బ్రాహిమీగారి అధ్యక్షతన తయారైన నివేదిక ఈ సంగతినే నిర్మొగమాటముగ చెప్పినది. సైనికుడు తన పాఠము చదువవలెను. పంపువారును తమ పాఠము చదువవలెను.

ఇప్పుడు మన దేశమునకు వత్తము. ఐక్యరాజ్యసమితికి సొంత సైన్యము లేదు. పాఠ్యక్రమమును అది నిర్ణయించును. పంపుటకు ముందు సైనికులకును పోలీసులకును శిక్షణ నిచ్చు బాధ్యత వారి దేశములదే. అందుచేత ఎక్కువమందిని పంపు దేశమునకు ఎక్కువ బాధ్యత కలదు. మన దేశము ఇంతవరకు ఏబదికి పైగా శాంతికార్యములకు 2,90,000 మందిని పంపినది. సుమారు 180 మంది భారతీయు లందు ప్రాణము లర్పించిరి. కాంగోలో 1961 డిసెంబరు 5న నేలకొరగిన కెప్టెన్ గురుబచన్ సింగ్ సలారియాగారికి పరమవీరచక్రము లభించినది. అన్ని దేశములవారిని కలిపి లెక్కించినచో శాంతిరక్షణమున మరణించినవారు 4,400కు మించిరి. వారి స్మారకముగ ఏటేట మే 29ని పాటించుచున్నారు.

ఢిల్లీలో ఈ విద్యకై ఐక్యరాజ్యసమితి శాంతిరక్షణ కేంద్రమని యొక బడి కలదు. అది 2000 సెప్టెంబరులో ఏర్పడినది. అనగా దానికిని ఈ గ్రంథాలయమునకును ఇంచుమించుగ ఒకే యీడు! పరిశీలకులకు, కార్యాలయ అధికారులకు, స్త్రీ సైనికాధికారులకు అక్కడ శిక్షణ జరుగును. మన అధికారులతోపాటు ఇతర దేశములవారును వచ్చి చదువుకొందురు. రేపు ఈ ఊరి బిడ్డ యెవ్వడైనను, ఎవ్వతెయైనను, ఆ బడిలో కూర్చుండవచ్చును. ఆ బల్లపై వారు చదువబోవు దేశముల పేర్లు మొదటిసారి ఈ గ్రంథాలయపు పటములో చూచియుండినచో నెంత మేలు!

నిన్నటి యువకునికి నా సమాధాన మిది. నాయనా! కొట్టుట నేర్పుటకు కొన్ని నెలలు చాలును. కొట్టగల చేతిని ఆపి, తెలియని మనిషి మాట వినుట నేర్పుటకు ఎక్కువకాలము పట్టును. ఆ విద్యకు మొదటి తరగతి ఢిల్లీలో లేదు, ఇచ్చటనే యున్నది. చూచినదానిని, విన్నదానిని, ఊహించినదానిని వేరుచేసి చెప్పుట ఈ పఠనమందిరములో నేర్వవచ్చును. మనము పోని దేశపు మనిషిగూడ మనవంటివాడే యని ఒక మంచి పుస్తకము చదివిన సాయంకాలమున తెలిసికొనవచ్చును. కోపము వచ్చినపుడు గొంతు హెచ్చింపకుండుటను ఈ ఊరి కాలువగట్టున అభ్యసింపవచ్చును. అట్లు అభ్యసించినవాడు నీలిరంగు ధరించినను, ధరింపకున్నను, నలుగురి నడుమ నిలువదగినవాడగును.

కార్యదర్శిగారికొక చిన్న మనవి. బీరువాలో దేశముల పటము పాతదైనచో క్రొత్తది కొనుడు. దక్షిణ సూడాను 2011లో పుట్టిన దేశము. పాత పటములో నది కనబడదు. నేడు మన సైనికులు కాపలా కాయుచున్న దేశమును మన పిల్లలు పటములో వ్రేలుపెట్టి చూపలేకపోవుట బాగుండదు గదా.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును జరుపుకొనునాటికి ఆ పటముగూడ పాతదై, యుద్ధములు తగ్గి, ఈ శాంతిబడులకు పని తక్కువగుగాక యని కోరుచు విరమించుచున్నాను.

స్వస్తి.